సీసా మీద తేదీ

కంటి ఆసుపత్రి వరండాలో గడియారాలు బాగుచేసే ఆయన, ఆయన భార్య పిలుపు కోసం కూర్చున్నారు. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బుతో ఆయన ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి రెండు ఆపరేషన్లలో ఏది కావాలో ఇవాళ డాక్టరుకి చెప్పాలి.

“చిన్నదే చేయించుకుంటా. వారంలో కొట్టు తెరవచ్చు.”

“దాంతో ఒత్తిడి కొంచెమే తగ్గుతుందట. చుక్కలు మానడానికి లేదు.”

“వేసుకుంటున్నాగా!”

“పెద్దదైతే నీరు పోయేందుకు కంట్లో కొత్తదారి చేస్తారు. ఒత్తిడి బాగా దిగుతుందట. చుక్కలు అక్కర్లేకపోవచ్చు. నెల్లాళ్లు వంగకూడదంతే.”

“వంగకుండా గడియారం ఎలా విప్పనే?”

ఆమె సంచిలోంచి చుక్కల సీసా తీసింది.

“తెరిచిన తేదీ నేనే రాశాను. నెలకి అయిపోవాల్సింది, మూడో నెలకీ సగముంది.”

“వేసుకుంటే గంటసేపు ముల్లు మసకేనే.”

“ఊళ్లోవాళ్ల గడియారాలన్నీ సరిచేస్తారు. మీ చుక్కకి మాత్రం వేళ కుదరదు!”

ఆయన సీసాను కుడి కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని తేదీ చదివాడు.

“సరే, పెద్దదేనని చెప్పు. ఇది మాత్రం సంచిలో పెట్టెయ్.”

“పెట్టను, చూపిస్తాను. చుక్కలు వేసుకున్నా పనిచెయ్యలేదని డాక్టరుగారు అనుకుంటున్నారు.”