ఉప్పుకి బెదరని కొండచిలువ

ఆ పొద్దున యూ గీనెమ్ కాఫీ కొట్టు వెనక కట్టెల గుట్టలోకి నాగుపాము దూరింది. యూ అంటే అక్క. మా ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ అక్కే. పొయ్యిలో ఉన్న కట్టెలు కాలేలోపు పాము సంగతి తేలకపోతే ఇక కొట్టు మూసుకోవాల్సిందేనని ఆవిడ గోల. ఎదురింటి సుక్రీ పార పట్టుకుని వచ్చేశాడు, గుట్ట లాగేసి పాముని రెండు ముక్కలు చేస్తానని.

అప్పుడు అడ్డం పడ్డాడు కాంగ్ తర్మిన్, అంటే తర్మిన్ అన్న. 'పాము మన నేస్తం' అని రాసున్న పచ్చ చొక్కా ఆయన ఒంటి మీంచి ఎప్పుడూ దిగదు. పాముల్ని పట్టి అడవిలో వదిలిపెట్టే సంఘంలో ఆయన సభ్యుడు. జోగ్జా పట్నంలో ఉన్న సంఘం వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా పార లేవడానికి వీల్లేదన్నాడు.

"నువ్వే పట్టొచ్చుగా కాంగ్?" అన్నాడు సుక్రీ.

"ఇంత చిన్నవాటి మీద నాకు చెయ్యి ఆడదురా," అంటూ కాంగ్ రెండు కాళ్లూ బల్ల మీదికి తీసుకుని బాసింపట్టు వేశాడు. "యూ, ఓ కాఫీ, రెండు టెంపే బజ్జీలు!"

పులియబెట్టిన సోయా గింజల అచ్చుతో వేసే ఆ బజ్జీ ఓ ముక్క కొరికి మొహం చిట్లించాడు. "ఇంత చప్పగా ఉందేంటి?"

"ఉప్పు నిండుకుంది కాంగ్," అంది యూ, నవ్వీ నవ్వనట్టు.

"సర్లే. సుక్రీ, ఆ పార అలా ఉంచి విను. నేను పట్టిన మొదటి పాము, అబద్ధమెందుకు, నా బెల్టంత ఉంటుంది. ఊరి పెద్ద స్నానాలగదిలో నీళ్ల తొట్టిలో పడింది. ఆయన ఒంటి మీద సబ్బు నురగ తప్ప నూలుపోగు లేకుండా వీధిలోకొచ్చి పడ్డాడు. నేను వెళ్లాను, చెయ్యి పెట్టాను, తీశాను, పొలంలో వదిలాను. అంతే. అంతకి మించి ఒక్క ముక్క కల్పించను."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాను నేను.

"నమ్మక చస్తావా? కానీ పిల్ల అన్నాక తల్లి ఉంటుంది కదా! వానలు మొదలైన కొత్తలో రైసు మిల్లు మలుపు దగ్గర, రాత్రికి రాత్రి, రోడ్డుకి అడ్డంగా ఓ నిద్రపోయే పోలీసు వెలిశాడు."

మా దగ్గర స్పీడ్ బ్రేకర్ని అలాగే అంటారు లెండి.

"ఎవరు వేశారో తెలీదు. బళ్లన్నీ ఎగిరెగిరి పడుతున్నాయి. ఊరి పెద్ద తనే వేయించానని చెప్పుకుని రిబ్బన్ కూడా కత్తిరించాడు. కూరగాయల బండివాడొక్కడే గొడవ, నిన్న మిల్లు దగ్గరున్న పోలీసు ఇవాళ బడి దగ్గరున్నాడేంటని. మర్నాడు చూస్తే మసీదు దగ్గర! పోలీసన్నాక బదిలీలు మామూలేనని జనం ఊరుకున్నారు. నేను ఊరుకుంటానా? వెళ్లి చెవి ఆనించి విన్నాను. ఏం వినపడిందో తెలుసా? గురక!"

"పాముకి గురకేంటి కాంగ్?" అని సుక్రీ పార కిందికి దించి, కర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు.

"పోలీసుకి ఉండదా? కొండచిలువరా నాయనా! తల మిల్లు వెనక అరటితోటలో, తోక రైలు పట్టాల అవతల. గేటు పడితే పాపం తోక అవతలే ఉండిపోయేది, రైలు వెళ్లేదాకా ఇవతల తల ఆవులిస్తూ కూర్చునేది. నేను వెళ్లి తోక గిల్లాను. ఆ కబురు తలకి చేరేసరికి మధ్యాహ్నం నమాజు కూడా అయిపోయింది. అప్పుడు తిరిగి చూసింది."

"నిన్ను మింగలేదా?"

"మర్యాదగా మాట్లాడేవాణ్ణి ఎవరైనా మింగుతారా? 'అమ్మా, మా ఊరివాళ్లు తెలిసీ తెలీక పామంటే పారెత్తుతారు, నువ్వు ఓసారి బడికి వస్తే నాలుగు మంచి మాటలు చెబుదాం' అన్నాను. వచ్చింది. బడి చుట్టూ చుట్టుకుని పడుకుంది. ప్రహరీ లేని బడికి ఆ రోజు ప్రహరీ అమరింది. జనమంతా ఆ గోడెక్కి కూర్చునే నా పాఠం విన్నారు. గోడ మెత్తగా ఉందని కూడా అన్నారు!"

సుక్రీ పార కర్రని నేల మీద పడుకోబెట్టి దాని మీదే చతికిలబడ్డాడు.

"ఇక అసలు పాఠం ఉప్పు. మనవాళ్లకి ఇదో పిచ్చి, పాము రాకుండా ఇంటి చుట్టూ ఉప్పు పోయడం. చెత్త ఎత్తండి, ఎలుకల్ని తరమండి, ఉప్పుకి పాము ఆగదర్రా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా! సరే అని బస్తాడు ఉప్పు దారికడ్డంగా పోయించాను. కొండచిలువ ఇటు నుంచి అటు పాకింది. అటు నుంచి ఇటు పాకింది. వెల్లకిలా తిరిగి వీపుకి కూడా పట్టించుకుంది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? నాలిక చాపి కాస్త రుచి చూసి, నా వంక తిరిగి, 'మిరపకాయలు లేవా?' అంది."

మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. మూకుడు దగ్గర నుంచి యూ అడిగింది: "అయితే ఉప్పు పోసేవాడు తెలివితక్కువవాడంటావా కాంగ్?"

"శుద్ధ మూర్ఖుడు యూ! అలాంటివాడి పక్కన కూర్చుని కాఫీ కూడా తాగకూడదు."

"ఆహా," అంది యూ, బజ్జీ తిరగేస్తూ.

"అక్కడితో అయిందనుకున్నారా? సంగతి పాముల్లో పొక్కింది. మర్నాటికి నాగులు, కట్లపాములు, పసిరికలు, జెర్రిపోతులు, అన్నీ బడికొచ్చేశాయి, మాకూ పాఠం చెప్పమని. నాగులు ముందు బల్లల మీద కూర్చున్నాయి. పడగలు దించండర్రా, వెనకవాళ్లకి బోర్డు కనపడొద్దూ అని కసిరాను. ఏం చెప్పానంటే, 'పిల్లలూ, మనిషి ఎదురుపడితే కంగారు పడకండి. మీకంటే వాడికే ఎక్కువ భయం. కదలకుండా ఉండి దారివ్వండి, వాడి మానాన వాడు పోతాడు. మనుషుల్లో చాలామందికి విషం ఉండదు.' వెనక నుంచి ఓ నాగుపిల్ల లేచి, 'మరి పార పట్టుకున్నవాడో?' అంది. 'వాడి మీదా కక్ష పెట్టుకోకమ్మా. మన బడికి రావడానికి వాడికి తీరిక చిక్కలేదు, అంతే' అన్నాను."

అందరం సుక్రీ వంక చూశాం. వాడు పారని కాలితో బల్ల కిందికి తోసి, నా మీద పడతారేంటని నవ్వేశాడు.

అంతలో మోటారుసైకిలు ఆగింది. సంఘం పిల్ల వెనింగ్, చేతిలో కొక్కెం కర్ర, భుజాన గోనెసంచి. అందర్నీ వెనక్కి జరగమని, కట్టెలు ఒక్కొక్కటే తీసింది. చివరి కట్టెల కింద నాగు పడగ విప్పి బుస్సుమంది. కాంగ్ బల్ల మీద నిటారుగా లేచి నిలబడ్డాడు. వెనింగ్ మాత్రం తొందరేమీ లేకుండా కొక్కెంతో లేపి, సంచిలో జారవిడిచి, మూతి బిగించి కట్టేసింది.

"ఎవరూ కొట్టకుండా ఉన్నారు, అదే పదివేలు," అంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ కొండచిలువే రాకపోయుంటే సుక్రీ పార ఎప్పుడో లేచేది. కోతలైతేనేం, ఓ ప్రాణం నిలిచింది. ఆ క్షణాన కాంగ్ నాకు నిజంగా ముద్దొచ్చాడు.

"ఇంటి చుట్టూ ఉప్పు మాత్రం పోయకండేం, ఉత్త దండగ," అంది వెనింగ్ బండెక్కుతూ.

"ఆ పాఠం చెప్పేశానమ్మా!" అన్నాడు కాంగ్ ఛాతీ విరుచుకుని, మళ్లీ కూర్చుంటూ. "యూ, ఇంకో రెండు బజ్జీలు. ఈసారైనా కాస్త ఉప్పు తగిలించు."

యూ రెండు బజ్జీలు తీసి అరిటాకులో పెట్టింది.

"ఉప్పెక్కడిది కాంగ్? నువ్వు వెనక గుట్ట దగ్గర ఫోన్ చెవిన పెట్టుకున్నావో లేదో, మీ ఆవిడ ముందు గుమ్మంలోంచి వచ్చి కొట్లో ఉన్న పొట్లాలన్నీ ఊడ్చుకుపోయింది. గుమ్మానికీ కిటికీలకీ మంచం చుట్టూ పోయమని నువ్వే కబురు పెట్టావటగా."

కాంగ్ బల్ల కింద చెప్పుల కోసం కాలితో వెతికాడు.

యూ అరిటాకు పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది. "చప్పగా ఉంటే నీకు దిగదుగా. ఇంటికి పట్టుకెళ్లు, మీ గడప మీద అద్దుకుని తిను."