వియ్యపురాలి చేతిలో కత్తెర

హలో, నెరియా… ఆ, నేనే. మెల్లిగా మాట్లాడు, గుడారంలో ఉన్నా.

లేదే, ఇంకా కాలేదు. బల్ల మీద పడుకున్నా. ప్యాంటు లేదు… నీ గుడ్డే చుట్టుకున్నా — ఆ, పసుప్పచ్చది, అదే.

నవ్వకే. పెద్ద చిక్కొచ్చింది.

సున్తీలు చేయడానికి కిసుము పట్నం నుంచి నర్సమ్మ వచ్చింది కదా… మూతికి గుడ్డ, నెత్తికి టోపీ, ఎవరో ఏంటో తెలీదు. అంతా చూసింది. చూశాక రాసుకోడానికి పేరడిగింది. ఒగుటు అన్నా. “అపొండి వాళ్ళ నాన్నా?” అంది.

…ఆ! డోర్సిలానే! మన పిల్ల అపొండినిస్తున్న ఇంటావిడ! కాబోయే వియ్యపురాలు!

అరవకు.

నాకెలా తెలుస్తుందే? మాటలన్నీ మధ్యవర్తే నడిపాడాయె. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నామా? మొదటిసారి చూసుకోవడం ఇదే… అదీ మొహం కాదు!

ఆమా? బయటికి పరిగెత్తింది. వియ్యంకుడి ఎదురుగా కూచుని ముద్దే తినం, ఈ పని ఎలా చేస్తానంటోంది.

ఇంకో డాక్టరా… దీవికెళ్ళాడు. రేపే రావడం.

నేనా? లేచొచ్చెయ్యనా? — కుదరదే. బయట ఇరవై ముగ్గురున్నారు వరసలో. రేవు పెద్దవి, నువ్వు ముందు చేయించుకుంటే మేమూ చేయించుకుంటాం అన్నారు. నేను ప్యాంటేసుకుని బయటపడితే ఒక్కడు మిగలడు, పడవలెక్కి పోతారు.

…ఆ, నేనే అనేవాణ్ణి. కింది పళ్ళు ఆరూ పీకించుకునే మగాళ్ళమయ్యాం, ఈ కోత మన ఆచారం కాదని. మా ఒలువోచ్‌ని పూడ్చేదాకా అన్నా. హెచ్‌ఐవీతో పోయిన తమ్ముడి మీద మట్టేశాక ఇంకేం అంటానే…

తెలుసు. హెచ్‌ఐవీ పూర్తిగా ఆగదు, తొడుగూ వాడాల్సిందే. కానీ ముప్పు సగానికి పైగా తగ్గుతుందట కదా. ఆ కుర్రాళ్ళకి అదన్నా దక్కాలిగా.

…ఏంటీ? మళ్ళీ చెప్పు.

శనివారం వాళ్ళు కన్యాశుల్కం ఆవులు తోలుకొచ్చేదాకా… ఆ… చుట్టరికం కలవనట్టే! ఇవాళ ఆమె ఎవరో నేనెవరో! నెరియా, నిన్ను చేయాలే రేవు పెద్దని!

ఉండు. — సిస్టరమ్మా! ఆవులింకా మీ దొడ్లోనే ఉన్నాయి కదా? అయితే మనం ఏమీ కాం! లోపలికి రండి!

…ఆలోచిస్తోంది.

…వస్తోంది. కళ్ళు మూసుకోమంటోంది. నన్నే. తను మూసుకుంటే కష్టం కదా.

ఏయ్, ఫోన్ పెట్టకు! తిడుతూ ఉండు నన్ను. నేను అరిస్తే బయటోళ్ళు జారుకుంటారు. నీ మీద అరిచాననుకోవాలి.

…సూదే— ఓసి నీ కడుపు కాలా! — ఏం లేదు తమ్ముళ్ళూ! మీ వదిన! ఉప్పు తెమ్మంటోంది!

…కదల్లేదే. ఒక్కడూ కదల్లేదు.

మొద్దుబారింది. కత్తెర తీసింది… నువ్వు ఆపకు, తిట్టు.

…

…అయిపోయిందట. కట్టు కడుతోంది. ఇంతసేపూ ఒక్క తిట్టు మళ్ళీ వాడకుండా తిట్టావు, ఎక్కణ్ణుంచొచ్చాయే అన్ని!

ఆ? ఆరు వారాలు దూరంగా ఉండాలట.

…అంత సంబరం దేనికే నీకు?

…నెరియా? హలో? — పెట్టేసింది.

ఒపొండో! రా, నీ వంతు. ముందు మీ ఆవిడకి ఫోన్ కలుపుకో!