కర్పూరం ఆర్పనన్న సలోమమ్మ

సలోమమ్మ అని, గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతదేమో అన్నట్టుండేదంట మనిషి. ఊరి బయటుండే పల్లెలో యేసుని నమ్ముకున్నోళ్ళు అప్పటికే చానామంది ఉన్నారనుకో, కానీ ఊళ్ళోకొచ్చి ఆ మాట నోరిప్పి చెప్పినోళ్ళు లేరు. చెబితే పనికెవరు పిలుస్తారు మరి? అట్టా ఉండగా ఏమైందంటే, వెంకటాద్రినాయుడి పెసరచేను ఎవరి పశువులో పడి మేసేసినయ్యి. గొర్రెల గురవయ్య మందే మేసిందని నాయుడు ఊరిని కూడేశాడు. తప్పుకింద మందలో సగం జీవాలు తోలుకుపోతానన్నాడు. గురవయ్యకి ఆ జీవాలు తప్ప ఏముంది, నేలమీద చతికిలబడి ఏడుస్తన్నాడంట. మేసింది మాత్రం నాయుడి సొంత ఎడ్లే. గట్టుమీద గడ్డి కోస్తా సలోమమ్మ కళ్ళారా చూసింది. ఆ మాటే వచ్చి నలుగురిలో చెప్పింది. నాయుడు నవ్వాడంట. "నిజమైతే పోలేరమ్మ ముందర కర్పూరం ఆర్పి చెప్పవే, జీవాలు వదిలేస్తా" అన్నాడు. ఆ ఊళ్ళో అదే కట్టుబాటు. వెలిగే కర్పూరం అరచేత్తో ఆర్పి, అమ్మమీద ఒట్టేసి చెబితేనే సాక్ష్యం, లేకపోతే లేదు.

గుడి ముందర కర్పూరం వెలిగించారు. సలోమమ్మ మరిది యాకోబు వెనకమాలగా వచ్చి, "వదినా, ఆర్పెయ్యి, ఎంతలో పని. ఆదివారం మోకరించి ఒప్పుకుందువుగాని" అని గొణిగాడంట. గురవయ్యేమో చేతులు జోడించి చూస్తన్నాడు. సలోమమ్మ కర్పూరం వంకా ఆయన వంకా చూసింది. ఆర్పితే ఆయన బతుకుతాడు. ఆర్పితే, ఇన్నాళ్ళూ తను నమ్మింది నలుగురి ముందర కాదన్నట్టే గదా. చెయ్యి చాపలా. కొంగు నడుముకి దోపుకుని, "నేను యేసుప్రభువుని నమ్ముకున్నదాన్ని. ఆయన దేనిమీదా ఒట్టు పెట్టొద్దన్నాడు. నేను పెట్టను" అందంట. ఊరు ఊరంతా ఉన్నచోట, వింటన్నారా, ఆడమనిషి, అందులో పల్లె మనిషి. ఇంకేముంది, గయ్యిమని లేచారు. అమ్మతల్లినే కాదంటావా అని ఒకడు, ఊళ్ళోంచి తరమండని ఒకడు. నాయుడైతే, "చూశారా, అబద్ధం గాబట్టే జడిసింది" అన్నాడు.

అప్పుడామె ఏమందంటే, "నాయుడుగారూ, జడిసేదాన్నయితే ఎప్పుడో ఆర్పేదాన్ని. మీ అమ్మతల్లికి మీరు మొక్కుతారు, నేను మొక్కను. మొక్కనిదానికి ఆ మంట ఆర్పి అబద్ధం చెప్పటం ఎంతసేపు? ఆర్పి, ఇంటికెళ్ళి కమ్మగా నిద్రపోతా. అట్టా చేసి నా దేవుణ్ణి మోసం చెయ్యను, మీ అమ్మ గుడి ముందర నాటకమూ ఆడను. మేసింది మీ ఎడ్లే. నన్ను కొట్టినా అదే మాట, పొమ్మన్నా అదే మాట."

పోలేరమ్మకి పూజ చేసేది కుమ్మరి రామక్క, ముసలామె. ఆమె మెల్లగా లేచి, "నమ్మనిదాని చేత ఒట్టేయించుకుంటే అమ్మకేం గౌరవంరా? ఈమె మాట నిజమని నేనార్పుతున్నా" అని, ఆ కర్పూరం మీద తన చెయ్యే పెట్టిందంట. పూజారే ఆర్పినాక ఇంకెవరు ఎదురు చెబుతారు? గురవయ్య జీవాలు గురవయ్యకి దక్కినయ్యి. నాయుడు మాత్రం సలోమమ్మని మళ్ళీ పనికి పిలిస్తే ఒట్టు. ఆయన్ని చూసి తక్కినోళ్ళూ పిలవలా. బతికినన్నాళ్ళూ పక్కూరికి నడిచెళ్ళి కూలి చేసుకుంది, అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ తన దేవుడి సంగతి చెప్పుకుంటానే పోయింది.

ఇప్పుడెవర్ని కదిలించినా, "ఆ రోజు మా తాత సలోమమ్మ పక్కనే నిలబడ్డాడు" అంటారు. అంతమంది పక్కన నిలబడుంటే ఆమె కూలికి పక్కూరెందుకు పోయిందో మరి, వాళ్ళనే అడగండి.