కూరగాయలు పేర్చి కట్టిన వంటశాల

"బాపూ, పని మొదలువెట్టకముందే అందరు ఒక్కకాడ కూసొని మాట్లాడుకోవాలె అని మా కాలేజీల చెప్తున్రు. మీరెప్పుడన్న గట్ల చేసిన్రా?" అని అడిగినవ్ గద బిడ్డా. చేసినం. నీకు, తమ్మునికి గీ ముచ్చట ఎన్నడు చెప్పలే. ఫోను స్పీకర్ల పెట్టు, వాణ్ని గూడ పిలువు. తిన్నరా? ఏం కూర? సరే, వినున్రి.

గప్పుడు నెల్లికుదురు దిక్కు ఆడపిల్లల హాస్టలుకు వంటశాల కడుతున్నం. గోడల పని నాది. బడి తెరిచేనాటికి కాకపోతే పిల్లలను డోర్నకల్ పంపుతమన్నరు. నీ సీటు గూడ గా హాస్టల్లనే వచ్చింది, అప్పుడే ఐదు పాసైనవ్. నేను జనగామ, భూపాలపల్లి అని పనులెంబడి తిరిగేటోన్ని. గీ హాస్టలైతే మీ మేనత్త ఇంటికి దగ్గర, జరమొస్తే చూస్తది. డోర్నకల్ల మనకెవరున్నరు? గదే నా ఫికరు.

పనేమో ఎవని ముక్క వానికే. ఎవడు తక్కువకు జేస్తనంటే వానికిచ్చిన్రు. ఒకని మొఖం ఒకడు చూడలే. నేను గోడకు ప్లాస్టరు జేస్త, రంగులాయన రంగేసి పోతడు. మర్నాడు కరెంటు యాదగిరి వచ్చి వైర్ల కోసం గోడ చెక్కుతడు. మల్ల పూస్త, మల్ల రంగు. గప్పుడు నీళ్ల పైపుల సోమన్న వచ్చి ఇంకోదిక్కు చెక్కుతడు. మీ అమ్మ పెండ్లిల గూడ అన్ని చీరెలు మార్చలే, గా గోడ అన్ని రంగులు మార్చింది. నేలకేసే బండలైతే ముందే తెప్పించి లోపల పేర్చిన్రు. నాకు నిలవడ జాగ లేదు, బండల మీదికెక్కి పనిజేసిన.

ఇగ పదిహేను రోజులే ఉన్నయ్. గా హాస్టల్ల వంటజేసే సాయమ్మ అని, మనిషి పొట్టి, గొంతు పెద్దది. అన్నం పెడ్త రాన్రి అని అందర్ని పిలిచింది. అన్నమంటె అందరం పోయినం. పోతే, ముందుగాల కూరగాయల గంప బోర్లించింది. ఒక్కొక్కలకు ఒక్కో కాయ పేరు వెట్టింది. నేను సొరకాయనట. యాదగిరి కొత్తిమీర కట్ట, రంగులాయన టమాట, సోమన్న వంకాయ.

"నేనెందుకు వంకాయ? మేస్త్రిని చెయ్" అన్నడు సోమన్న.

"ఆయన తలకాయ సొరకాయకు సరిపోయింది. నీకు గా అదృష్టం లేదు, కూసో" అన్నది.

కూసున్నడు.

"బడి తెరిచిన్నాడు పగటి పన్నెండింటికి పిల్లలకు అన్నం పెట్టాలె. గాడికెల్లి ఎనుకకు రాన్రి. అన్నం వండాలంటె?"

"నీళ్లు."

"నీళ్లెక్కాలంటె?"

"మోటరు."

"మోటరు తిరగాలంటె?"

"కరెంటు" అన్నడు యాదగిరి. "వైర్లు గుంజేదాక గోడ పూయొద్దు మేస్త్రి."

గింతే మాట. మూడు నెలల్ల ఎవ్వలం ఎవ్వలికి చెప్పలే. సాయమ్మ బండల మీద కూరగాయలు వరుస పేర్చింది. కొత్తిమీర, వంకాయ, సొరకాయ, ఆఖర్న టమాట. ఎవని పని అయిపోతే వాని కాయ కూరల పడ్తది. పని కాకముందే కాయ వాడిపోతే వాడే కొత్తది తేవాలె.

ఐదో రోజు, కాదు, ఆరో రోజు, మేక జొచ్చి కొత్తిమీర కట్ట మేసింది. యాదగిరి నర్సింహులపేటల పెండ్లి కాడ ఉన్నడు. సాయమ్మ ఫోను జేసి, "నిన్ను మేక తిన్నది, జల్ది రా" అన్నది. ఫోనెత్తింది వాళ్లత్త. ఆమె శోకాలు పెట్టింది, పెండ్లి ఆగినంత పనైంది.

మేక మిగిలినయి గూడ తొక్కి ఆగం జేసింది. మేం మల్ల పేర్చలే. ఎవని ఎనుక ఎవడో అప్పటికి అందరికి ఎరుకైంది. రంగులాయన ఫోను జేసి, "అన్నా, గోడ ఆరిందా, రావాల్నా?" అని అడిగిండు. నలభై ఏండ్ల పనిల నన్ను గట్ల అడిగిన రంగులాయన లేడు.

బడి తెరిచిన్నాడు పన్నెండింటికి నేను కిటికీ కాడ నిలవడ్డ. "ఏంది మేస్త్రి, ఇంకేమన్న పని మిగిలిందా?" అన్నడు వాచుమన్.

"మిగిలింది. మా బిడ్డ రెండోసారి అన్నం పెట్టించుకుంటదా లేదా చూడాలె."

పెట్టించుకున్నవ్. గప్పుడు బస్సెక్కిన.

రేపు నువ్వు పనులు జేపిస్తవ్. చేతులకు సిమెంటంటుకున్నోళ్లను ముందుగాల కూసోవెట్టి అడుగు బిడ్డా, నీ ఎంబడి పనిజేసే పిల్లలకు గూడ గీ ముచ్చట చెప్పు. తమ్ముడు వింటున్నడా? పడుకున్నడా... లేపకు. లేచినంక నువ్వే చెప్పు.