క్లచ్ విప్పిన మధ్యాహ్నం

ఊరి చివర రేకుల షెడ్డు. లోపల ముసలి మెకానిక్. బండి తోసుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగినవాడు ఆయన బావమరిది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయి పదకొండేళ్లు.

"బండి అక్కడ పెట్టి వెళ్లండి. తీరిక చూసుకుని చూస్తాను."

"బావా, నేను."

"కళ్లు కనపడుతున్నాయి. అక్కడ పెట్టి వెళ్లండి అన్నాను."

"అండీ ఏంటి బావా, నన్ను పట్టుకుని?"

"బండి తెచ్చినవాళ్లందర్నీ అలాగే అంటాను. ఏమిటి కంప్లైంటు?"

"క్లచ్ జారుతోంది. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకెళ్లదు. ఎత్తు వస్తే దిగి తోసుకోవడమే."

"మీ వైపు మెకానిక్కులు లేరా?"

"ఉన్నారు. నలుగురైదుగురు."

"మరి?"

"దారేగా అని ఇటు వచ్చాను."

"ఈ షెడ్డు దాటితే రోడ్డే లేదు. ఎక్కడికి దారి ఇది?"

"విప్పుతావా, తీసుకుపోనా బావా?"

"విప్పను అన్నానా? ఎడమ పక్కకి వాల్చండి, గోడకి. లేకపోతే కవరు తియ్యగానే ఆయిలంతా..."

"కారిపోతుంది. తెలుసు."

"మర్చిపోయి ఉంటారనుకున్నాను."

"ఎనిమిదేళ్లు ఈ నేల మీదే కూర్చున్నాను బావా. ఎలా మర్చిపోతాను?"

"ఆ స్పానర్ ఇలా ఇవ్వండి. అది కాదు. దాని పక్కది, చిన్నది."

"నీ చెయ్యి వణుకుతోంది."

"వణకట్లేదు. బోల్టు వదులుగా ఉంది."

"ఇలా ఇవ్వు, నేను విప్పుతాను."

"నా షెడ్డులో కస్టమర్ చేతికి స్పానర్ ఇవ్వను."

"నేను కస్టమర్నా?"

"బండి తెచ్చి పనేంటో చెప్పినవాడు కస్టమర్ కాక చుట్టమవుతాడా?"

"సరే. కస్టమర్నే. కస్టమర్ చెబుతున్నాడు, నువ్వు ఆ బోల్టుని అడ్డంగా తిప్పుతున్నావు. మర పోతుంది."

"పోతే కొత్తది వేస్తాను."

"ఇవ్వు బావా."

"పట్టుకోండి. నాలుగు స్ప్రింగులూ ఆ పళ్లెంలో. ప్లేట్లు ఏ వరుసలో బయటికొస్తే ఆ వరుసలోనే పేర్చండి. క్లచ్ ప్లేటు, స్టీలు ప్లేటు, మళ్లీ క్లచ్ ప్లేటు..."

"తెలుసు, తెలుసు."

"వాసన చూడండి."

"కాలింది."

"ఎన్నాళ్ల నుంచి ఇలా తోలుతున్నారు?"

"మూడు నెలలు."

"మూడు నెలలా? ఒక్కసారి కూడా ఎవరికీ చూపించాలనిపించలేదా?"

"ఏదీ చెయ్యాలనిపించట్లేదు బావా. తెల్లారుతుంది, రొట్టెలు బుట్టలో వేసుకుంటాను, దుకాణాలకి పంచుతాను, వచ్చి పడుకుంటాను. మధ్యలో క్లచ్ జారితే జారింది."

"రొట్టెలు పంచుతున్నారా?"

"ఆరేళ్లయింది."

"స్పానర్ పట్టుకున్నవాడు రొట్టెలు పంచడమేంటి?"

"స్పానర్ పట్టుకుంటే చెంప మండేది."

"ఆ డబ్బాలో కిరోసిన్ ఉంది. ముంచి కడగండి. బ్రష్షు నెమ్మదిగా. గాడుల్లో నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది, అది పోవాలి."

"పోతోంది."

"కడిగినవి గుడ్డతో తుడిచి, స్టీలు ప్లేట్లు వెలుతురులోకి తీసుకెళ్లి చూడు. నీలం రంగు తిరిగితే కాలినట్టు."

"ఏమన్నావు?"

"నీలం తిరిగితే కాలినట్టు అన్నాను."

"అది కాదు. 'చూడు' అన్నావు."

"నోరు జారింది."

"నా క్లచ్ లాగానా?"

"పళ్లు ఇకిలించకుండా ప్లేట్లు చూడు. ఎన్ని తిరిగాయి?"

"ఒకటి. మిగతావి బాగానే ఉన్నాయి."

"ఆ అద్దం ముక్క మీద ఒక్కోటీ పెట్టి అంచులు వేలితో నొక్కు. టకటకలాడితే వంగినట్టు."

"నీలం తిరిగిందే వంగింది. తక్కినవి కదలట్లేదు."

"దాన్ని అవతల పడెయ్. బల్ల కింద డబ్బాలో పాతవి ఉంటాయి, తిన్నగా ఉన్నదొకటి వెతుకు."

"బావా, ఈ అద్దం అక్క బీరువాది కదూ?"

"ఊఁ."

"ఎలా పగిలింది?"

"చెయ్యి తగిలి."

"చెయ్యి వణకదన్నావుగా."

"నీకు పని చెప్పానా, లెక్చర్ చెప్పమన్నానా? పారెయ్యబుద్ధి కాలేదు. ఇక్కడికి తెచ్చాను. అద్దం అంత తిన్నగా ఇంకేముంటుంది, ప్లేట్లు చూసుకోవడానికి."

"అవునవును. ప్లేట్ల కోసమే తెచ్చి ఉంటావు."

"దొరికిందా?"

"దొరికింది. ఇదిగో, తిన్నగానే ఉంది. ఇక్కడ మంచం ఉందేంటి బావా? ఇక్కడే పడుకుంటున్నావా?"

"ఇల్లు దూరం."

"ఇల్లు రోడ్డుకి అవతల పక్కేగా!"

"అదే. దూరం. నిలబడిపోయావేంటి? గరుకు కాగితం తియ్యి. అద్దం మీద పరిచి, క్లచ్ ప్లేటు బోర్లా పెట్టి గుండ్రంగా తిప్పు. ఒకే వైపు రుద్దకు. పైన ఆ మెరుపు పోతే చాలు, మందం పోకూడదు."

"ఇంతేనా?"

"ఇంకో రెండు తిప్పులు. ఆ, చాలు. చెయ్యి మాత్రం పోలేదు నీది."

"పొగిడావా?"

"లేదు. నువ్వు ఒక్కడివేనా? ఇంట్లో?"

"గది ఒకటి, నేను ఒకణ్ని. సరిపోయాం."

"పెళ్లి?"

"ఎవరు చేస్తారు? అడగడానికి ఇంటి పెద్ద ఉండాలిగా."

"ఉన్నాడుగా ఇంటి పెద్ద. వచ్చి అడగాల్సింది."

"వస్తే? 'బండి అక్కడ పెట్టి వెళ్లండి' అనేవాడివి."

"నువ్వు రాలేదుగా, నేనేమనేవాణ్నో నీకెలా తెలుసు?"

"పోస్టుమాన్ బండి రోజు నేను..."

"వద్దు. ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"ప్లేట్లు నానబెట్టకుండా బిగించానన్నావు. నానబెట్టాను బావా. రాత్రంతా కాదు. గంట. ఆయన పక్కనే నిలబడి తొందర, తొందర అంటుంటే తీసి బిగించేశాను."

"రాత్రంతా ఆయిల్లో ఉంచాలని ఎన్నిసార్లు చెప్పాను? పొడిగా ఎక్కిస్తే పట్టేసి మాడిపోతాయని ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు."

"ఎత్తు మీద బండి వెనక్కి జారి ఆయన కాలు మీద పడింది. మూడు నెలలు మంచం దిగలేదు ఆ మనిషి."

"తెలుసు. వారం వారం వెళ్లి చూసొచ్చేవాణ్ని."

"నాకు చెప్పలేదే?"

"ఎలా చెబుతాను? అప్పటికే కొట్టావుగా. పదిమంది ముందు."

"పదిమంది లేరు. నలుగురున్నారు."

"నాకు పదిమందిలా కనపడ్డారు. ఒక్క మాట అడిగి కొట్టాల్సింది బావా."

"అడిగితే ఏం చెప్పేవాడివి?"

"గంటే నానబెట్టానని."

"అప్పుడూ కొట్టేవాణ్ని."

"కొట్టు. రెండోసారీ కొట్టు. కొట్టి, అన్నానికి రా అనాలి. పదకొండేళ్లు పిలవకుండా ఉండటమేంటి?"

"పిలవడానికి నువ్వు ఆగావా? స్పానర్ నేలకేసి కొట్టి వెళ్లిపోయావు."

"వెనకాల వస్తావనుకున్నాను."

"వెనక్కి వస్తావనుకున్నాను. సరే. నా మీద కోపం. ఒప్పుకుంటాను. మీ అక్క ఏం చేసింది? తోడబుట్టింది పోతే కూడా రావా? అందరూ అడిగారు, తమ్ముడేడీ, తమ్ముడేడీ అని. ఏం చెప్పమంటావు నన్ను?"

"వచ్చాను."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఆ ముందు రోజు. మెట్లెక్కి పైదాకా వచ్చాను. వరండాలో బల్ల మీద నువ్వు కూర్చుని ఉన్నావు. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు."

"ఎక్కడ పడిపోయిందో ఇప్పటికీ తెలీదు."

"తలుపు వైపే చూస్తున్నావు. నన్ను చూస్తే లేచి వెళ్లిపోతావేమో, నువ్వు వెళ్లిపోతే అక్క కళ్లు తెరిచి చూసేసరికి ఎదురుగా నువ్వుండవేమో అని... మెట్లు దిగిపోయాను."

"నేనెందుకు వెళ్లిపోతానురా?"

"ఏమో. బజార్లో ఎదురుపడితే మొహం తిప్పుకున్నావుగా అంతకుముందు."

"కళ్లలో ఎండ పడింది."

"నిజంగా?"

"లేదు. వచ్చి నా పక్కన కూర్చోవాల్సిందిరా. ఆ బల్ల మీద రెండు రాత్రులు ఒక్కణ్నే కూర్చున్నాను. నీళ్లు తాగాలన్నా లేవడానికి భయం. ఎవరికి అప్పచెప్పి లేవను?"

"బావా..."

"ఏడవకు. కాగితం మీద నీళ్లు పడితే పాడైపోతుంది. ప్లేట్లు ఇంకోసారి శుభ్రంగా తుడువు. గరుకు పొడి ఒక్క రేణువు కూడా ఉండకూడదు."

"తుడిచాను."

"ఆ గిన్నె కడిగి కొత్త ఆయిలు పొయ్యి. ప్లేట్లన్నీ కట్టగా వెయ్యకు, ఒక్కొక్కటి వెయ్యి, రెండు వైపులా తడవాలి."

"వేశాను. గంట చాలా? ఊరికే అన్నాను బావా."

"చంపేస్తాను. రేపు పొద్దున రా, ఇద్దరం కూర్చుని బిగిద్దాం."

"ఇద్దరమా?"

"నా చెయ్యి వణుకుతోంది కదరా."

"వస్తాను. కానీ... వెళ్లేముందు ఒకటి చెప్పాలి. క్లచ్ కోసం రాలేదు నేను. ఎవరి దగ్గరైనా అయిపోయేది క్లచ్. ఇది చెప్పాలనే వచ్చాను. వచ్చినప్పటి నుంచీ నోరు రావట్లేదు."

"ఇప్పుడొచ్చిందిగా. చెప్పు."

"వింటే నన్ను బయటికి గెంటెయ్. అక్కని మాత్రం ఏమీ అనకు."

"మీ అక్కని నేనేమంటానురా? చెప్పు."

"గురువారాలు మధ్యాహ్నం పూట అక్క ఎక్కడికి వెళ్లేది?"

"కుట్టు పని నేర్పడానికి. ఆడవాళ్లెవరో ఉన్నారు, వాళ్లకి."

"నీకు అలా చెప్పింది. ఆడవాళ్లూ లేరు, కుట్టూ లేదు. నా గదికి వచ్చేది."

"ఊఁ."

"తొమ్మిదేళ్లు బావా. ఒక్క గురువారం తప్పలేదు. వచ్చి వండి పెట్టేది, దుప్పట్లు ఉతికేది, నా చొక్కాలకి గుండీలు కుట్టేది. చీకటి పడకముందే వెళ్లిపోయేది. నీకు చెబుతానంది మొదట్లో. నేనే ఒట్టు వేయించుకున్నాను. బావకి తెలిస్తే ఇక తలుపు తియ్యను అన్నాను. నా మొండితనం కోసం కట్టుకున్నవాడితో అన్నేళ్లు అబద్ధం ఆడింది. చివరిదాకా ఆ బరువు మోసుకుని పోయింది. ఏడాదిగా గురువారం వస్తే గదిలో ఉండలేకపోతున్నాను. ఆ తప్పు నాది, అక్కది కాదు. అది నీకు చెప్పాలని..."

"నా గురించి ఏమైనా మాట్లాడుకునేవాళ్లా?"

"లేదు. నీ మాట ఎత్తనిచ్చేవాణ్ని కాదు."

"తెలుసు."

"తెలుసా? ఎలా తెలుసు?"

"ఎలా వచ్చేదిరా అది నీ దగ్గరికి?"

"బస్సులో. బస్సు దిగి నడిచొచ్చానని చెప్పేది."

"ఆ మోకాళ్లతో మీ అక్క బస్సెక్కేదా? మొదటి గురువారమే నీ ఒట్టు తీసి గట్టున పెట్టిందిరా. నేనే బండి మీద తెచ్చి మీ సందులో దింపేవాణ్ని. ఇందాక తెలీనట్టు అడిగానుగానీ, నీ సంగతులన్నీ దారిలో చెప్పేది. లోపల మీరిద్దరూ నవ్వుకుంటుంటే బయటికి వినపడేది... 'బావ ఎలా ఉన్నాడక్కా' అని ఒక్కసారి అడిగితే లోపలికి వచ్చేద్దామని, తొమ్మిదేళ్లు నీ కిటికీ కింద నిలబడ్డానురా."