నోరు మూసుకున్న సింహం

హలో… ఆ, నేనే అన్నయ్యా. మెల్లగా మాట్లాడు, మా పెద్దాయన పక్క గదిలోనే ఉన్నాడు.

— ఏం చేస్తాడు? ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాడు… ఎవరికీ చెప్పకూడదనుకో. నువ్వూ గొంతు డాక్టరువేగా, నీకు కాక ఎవరికి చెప్పుకోను? మొన్న సభలో “ఆ ఒడ్డు వాళ్ళని నదిలో ముంచేస్తాం” అని ఒకటే అరుపులు. గొంతు కాస్తా పుండయింది. వారం దాకా నోరు విప్పొద్దన్నాను. దేశాన్నేలే అంత సింహమూ పలక మీద రాసి చూపిస్తోంది పాపం.

— ఏంటీ, మీ ఒడ్డున భయపడుతున్నారా? మాట్లాడకపోతే భయమేంటి, చోద్యం!

— ఓహో… రోజూ తిట్టేవాడు తిట్టడం మానేశాడంటే ఏదో తలపెట్టాడని… అందుకని వంతెన దగ్గర ఫిరంగులు పెట్టారా! ఓరి దేవుడోయ్!

— నవ్వకు. మా వాళ్ళదీ అదే గోల. మీ దేశాన్నేలే పులి కూడా కిక్కురుమనట్లేదుగా. మొరిగే కుక్క కరవదు సరే, మొరగడం మానేస్తే ఏంటి లెక్క అని… సామెతన్నయ్యా, సామెత! ఆయన్ని అంటానా?… మేమూ పెట్టాం ఫిరంగులు. వాటి వెనకాల ఎవరున్నారో తెలుసా? నీ మేనల్లుడు. బొద్దింక కనిపిస్తే బల్లెక్కేవాడు. పొద్దున్న ఫోన్ చేసి “అమ్మా, కాల్చమంటారేమోనే” అన్నాడు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు.

— ఊఁ… ఊఁ… అది సరే, అసలు మీ పులికేమైంది?

— ఏంటా నసుగుడు? చెప్పు.

— ఆయనకీనా!… నువ్వూ మౌనమే రాశావా?

— ఎందుకు రాయవులే, ఇద్దరం నాన్న దగ్గరేగా నేర్చుకుంది. గొంతు బొంగురుపోతే మౌనం! నాన్న మందుతో రెండు దేశాలూ కొట్టుకు చచ్చేలా ఉన్నాయి.

— చెప్పేద్దామంటావా?… నాకూ నీలాగే, బయటికి చెప్పొద్దనే ఆర్డరు. సింహానికి గొంతు పోయిందని పొక్కిందో, నేను ఇంట్లో కూర్చోవాల్సిందే… పోతే పోనీ అన్నయ్యా! ఉద్యోగం ఇంకోటి చూసుకుంటా. కొడుకుని ఎక్కణ్ణించి తెచ్చుకోను?

— ఉండుండు… చచ్చాం. పెద్దాయన గుమ్మంలో ఉన్నారు.

సార్… మా అన్నయ్య సార్. ఆ ఒడ్డు నించే… విన్నారా? ఎక్కణ్ణించి?… కుక్క దగ్గర్నించా. సామెత సార్, అది!

అన్నయ్యా, పలక మీద రాస్తున్నారు. నా పని అయిపోయింది… “వాడికీ… పోయిందా?”… పోయింది సార్, పూర్తిగా. మీకు జవాబులిచ్చీ ఇచ్చీ… అయ్యో, నవ్వకండి సార్, పుండు రేగుతుంది!

— అన్నయ్యా, మీ పెద్దాయన్ని లేపు… లేపవయ్యా, నేను చెప్తున్నాగా! ఫోను చెవి దగ్గర పెట్టు. మాట్లాడొద్దను. ఊరికే దగ్గమను.

సార్, వినండి… వినిపించిందా? ఇప్పుడు మీరు. మెల్లగా… ఆ. మళ్ళీ ఆయన…

…

అన్నయ్యా, రాశారు. “చల్లనీళ్ళు ముట్టుకోవద్దను.” మీ ఆయనకే!… ఏమంటున్నారు? దిండు ఎత్తుగా పెట్టుకోమన్నారా?… సార్, దిండు ఎత్తుగా పెట్టుకోవాలట.

సార్, ఆ వంతెన… మా వాడు కూడా అక్కడే…

— రాశారన్నయ్యా. “ఫిరంగులు ముందు వాళ్ళని తియ్యమను”… ఆయనా అదే అన్నారా? చంటిపిల్లలు నయం!… సార్, నేను మూడు లెక్కపెడతాను, ఫిరంగులు తీసెయ్యమని కాగితం రాసి ఇద్దరూ ఒకేసారి సంతకం పెట్టండి. ఒకటి… రెండు… ఇంజెక్షన్ కాదు సార్, కళ్ళెందుకు మూసుకుంటారు?… మూడు.

…

— పెట్టారా?… ఇక్కడా అయింది. నౌకర్లు కాగితం పట్టుకుని సేనాధిపతి దగ్గరికి పరిగెడుతున్నారు.

— మా పెద్దాయనా? పడుకోవడానికి వెళ్ళారు. దిండు ఇంకోటి అడుగుతూ… అన్నయ్యా, ఇలా విను. మౌనం వారం అని రాశాంగా? నెల చేద్దాం… ఇప్పుడెందుకు భయపడతారు, తెలిసిందిగా ఇద్దరికీ!… ఆ, నువ్వూ నెలే రాయి.

— ఉంటా మరి. మా వాడు ఫోన్ చేస్తాడు, లైను ఖాళీగా ఉండాలి.