సొంత మాట ఒక్కటి

దగ్గరికి జరగండమ్మా, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఇంట్లోనే గదిలో కూర్చుని, ఫోన్లో ఒకరి మాటను ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే ఉద్యోగం ఒకింటి కోడలిది. పట్టపగలే గదిలోంచి వచ్చి, దుప్పటి మడతపెడుతున్న అత్త పక్కన కూలబడింది.

"ఏమే, ఆ ఫోనుకే నిన్నిచ్చి పెళ్లి చేశామనుకున్నాను. ఇంత పెందలాడే ఎలా వదిలింది?"

"నన్ను తీసేశారత్తయ్యా."

"అయ్యో! ఏం చేశావే?"

"ఆసుపత్రి నుంచి ఫోను. బిడ్డ పోయిందని డాక్టరు అంటే, ఆ మాట తల్లికి నా నోటితోనే చెప్పాను."

"ఎంత పాపిష్టి పనే తల్లీ!"

"డాక్టరు వెళ్లిపోయాడు. ఆవిడేమో, 'ఇక్కడ నా భాష తెలిసినదానివి నువ్వొక్కదానివే, ఫోను పెట్టేయకమ్మా' అంది."

"పెట్టేశావా?"

"పెట్టేయాలి. సొంతంగా ఒక్క ముక్క అనకూడదు, వెంటనే ఇంకో ఫోను అందుకోవాలి. నేనేమో 'ఏడ్చెయ్యమ్మా, వింటున్నాను' అన్నాను. పైవాళ్లూ వింటున్నారు."

"పోతే పోయిందిలే దిక్కుమాలిన ఉద్యోగం! ఆ తల్లి కాస్త కుదుటపడిందా?"

"బిడ్డ పేరు చెప్పబోయిందత్తయ్యా. అంతలో వాళ్లే లైను తెంపేశారు."

అత్త చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. ఆ బిడ్డ పేరేమిటో మనకెవరికీ తెలియదమ్మా. అయినా సరే, ఆ బిడ్డను గుర్తుంచుకుని ఈ సంగతి ఇంకొకరికి చెప్పండి.